ఏ బ్రౌజర్లో తెరవాలి?

"నా ట్యాబులన్నీ ఎవరు మూసేశారు?"

ముందుగదిలోంచి భర్త అరుపు వంటింట్లోకి వచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బునురగలో ఉన్నాయి. ఎవరు అన్నది మర్యాదకి వాడిన మాట. అత్తగారు కంప్యూటరు దరిదాపులకి పోరు. కూతురికి ఫోనే లోకం. ఇక మిగిలింది ఎవరో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"నేనేనండీ. అమ్మాయి హాల్‌టికెట్ తీద్దామంటే నలభై పేజీలు తెరిచి ఉన్నాయి, కదల్లేదు. అందుకని మూశాను."

"కదలకపోతే నన్ను పిలవాలి. బ్రౌజర్ సంగతి నీకేం తెలుసని చెయ్యి పెడతావు?"

హాల్‌టికెట్ వచ్చిందా అని మాత్రం అడగలేదు. వచ్చింది. బల్లమీద ఆయన కళ్ళజోడు కిందే ఉంది.

ఆ ఇంట్లో బ్రౌజరు ఆయనది. మూలన గుండ్రంగా ఆయన ఫోటో. ఎవరేం వెతికినా ఆయన జాబితాలోకే పోతుంది. రెండేళ్ళ కిందట, తన తల్లి పోయిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి ఆమె అందులో ఒక ప్రశ్న కొట్టింది: ఊరికే ఏడుపు ఎందుకు వస్తుంది? జవాబు ఏం వచ్చిందో ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నది ఆ తరవాతి ఆదివారం. ఆడపడుచు కుటుంబం వచ్చింది. భర్త ఏదో ఊరి ఫోటోలు చూపించబోయి మొదటి అక్షరం కొట్టేసరికి ఆమె ప్రశ్న పూర్తిగా పైకి తేలింది. ఆయన దాన్ని గొంతు మార్చి చదివాడు. "మా ఆవిడ చూడండి, ఇంట్లో ఇంతమందిమి ఉండగా ఏడుపు సంగతి కంప్యూటర్ని అడిగింది!" అందరూ పడీపడీ నవ్వారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఆమె కూడా నవ్వింది. వాళ్ళు నవ్వినందుకు కాదు, వాళ్ళతో పాటు తనూ నవ్వినందుకు ఆమె చాలా రోజులు కుమిలింది.

ఆనాటి నుంచి ఇంట్లో తన కోసం ఒక్క అక్షరం వెతకలేదు. తెలుసుకోవాలనుకున్నవన్నీ చీటీలమీద రాసుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళేది. మోకాలు ఎందుకు పట్టేస్తోంది, కూతురు చదవాలంటున్న కోర్సు ఎక్కడుంది, నిద్ర ఎందుకు చెదురుతోంది. భోజనం గంటలో, డబ్బా మూతలోనే అన్నం పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో వెతుక్కునేది. ఆఫీసు కంప్యూటర్లో మూడు బ్రౌజర్లుండేవి. ఒకటి మూసేయగానే చూసిందంతా మరిచిపోతుంది. ఒకటి అన్నీ గుర్తుపెట్టుకుని అడగని సలహాలిస్తుంది. మూడోది మరీ పాతది, బయటి పేజీ ఏది తెరిచినా సగం అక్షరాలు డబ్బాలుగా చూపిస్తుంది. ఒకే ఇంటి మూడు వాటాల్లో అద్దెకున్న మనుషుల్లా వాటి గుణాలు ఆమెకి ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. అది చదువని ఆమె అనుకోలేదు.

ఆమె పని కంటి ఆసుపత్రిలో, నమోదు కౌంటరులో. పదిహేడేళ్ళుగా అదే కుర్చీ. పేరు, వయసు, ఫోను నంబరు, ఏ కన్ను, ఏ డాక్టరు, ఆపరేషన్ ఏ రోజు అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, "సేవ్" నొక్కి, పచ్చ అక్షరాల్లో "నమోదైంది" అని వచ్చాక, తేదీ రాసిన చీటీ చేతికిచ్చి, దాని నకలు కట్టలో పెడుతుంది. పక్క కౌంటరులో ఇంకో అమ్మాయి, ఆమెని అక్కా అని పిలిచే మనిషి. హాలుకి అటువైపు పరీక్షల కౌంటరు. అక్కడ ఇద్దరూ మగవాళ్ళు. అందరూ నమోదు చేసేది ఆ పాత బ్రౌజర్లోనే. సూపర్వైజరు ఆజ్ఞ అది. "కొత్తవాటిల్లో తెరిస్తే ఊరికే మళ్ళీ లాగిన్ అవమంటుంది. మన సాఫ్ట్‌వేరుకి పాతదే మంచిది. ఎవరూ మార్చొద్దు."

ఏడాదిగా ఒక తంటా నడుస్తోంది. చీటీ పట్టుకుని మనిషి వస్తాడు, కంప్యూటర్లో అతని పేరుండదు. తేదీ ఉండదు. అసలు ఆ మనిషే ఉండడు. నెలకి పదిమందైనా అలా వచ్చేవారు. పోయినవన్నీ ఆడవాళ్ళ కౌంటర్లలో ఎక్కించినవే. సూపర్వైజరు హాలు మధ్యలో నిలబడి, జనమంతా వినేలా అనేవాడు: "సేవ్ నొక్కడం కూడా నేర్పాలా అమ్మా మీకు? ధ్యాసంతా ఇంట్లో పొయ్యి మీద పెట్టి వస్తారు. అటు కౌంటర్లో మగపిల్లలున్నారు, ఒక్కటి పోయిందా? వాళ్ళని చూసి నేర్చుకోండి."

మొదట్లో ఆమె నమ్మింది. నొక్కలేదేమో అనుకుంది. రాత్రి గ్యాసు కట్టేశానా లేదా అని లేచి చూసుకున్నట్టు, ప్రతి పేరుకీ రెండుసార్లు సేవ్ నొక్కేది. అయినా పోయేవి. పదిహేడేళ్ళ పని మీద తనకే అనుమానం పుట్టించడం ఎంత తేలికో ఆ రోజుల్లో ఆమెకి అర్థమైంది.

ఒకరోజు బట్టలు కుట్టే మామ్మ మూడోసారి వచ్చింది. రెండు కళ్ళకీ పొర. ఇది మూడో చీటీ, మూడోసారీ కంప్యూటర్లో లేదు. మామ్మ తిట్టలేదు, కేకలు వేయలేదు. కౌంటరు అంచు తడుముతూ పట్టుకుని, "సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని బతిమాలుతున్నానమ్మాయ్. పనిచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేస్తున్నారు. ఈసారైనా గట్టిగా రాయి తల్లీ" అంది.

గట్టిగా రాయి. ఆ మాట ఆమెని పట్టుకుని వదల్లేదు. రాసింది తనే, మూడుసార్లూ తనే. మూడుసార్లూ పచ్చ అక్షరాలు తన కళ్ళతో చూసింది. అయితే తప్పు తనలోనైనా ఉండాలి, ఆ అక్షరాల్లోనైనా ఉండాలి. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆమె రెండోదాన్ని అనుమానించింది.

మర్నాటి నుంచి భోజనం గంటలో చీటీ ప్రశ్నలు మానేసింది. లేని మనుషుల్ని పుట్టించి ఎక్కించడం మొదలుపెట్టింది. పరీక్ష ఒకటి, పరీక్ష రెండు, పరీక్ష మూడు. ఎక్కించడం, వెంటనే వెతికి చూడడం. నాలుగు రోజులు అన్నీ దొరికాయి. ఐదో రోజు "పరీక్ష ఇరవై రెండు" సగంలో ఉండగా సూపర్వైజరు గదిలోంచి గంట మోగింది. ఎవరో పెద్దమనుషులొచ్చారు, టీ కావాలి. వెళ్ళి, టీ చెప్పి, కప్పులు కడిగి, పోసిచ్చి వచ్చింది. మిగతా సగం నింపి సేవ్ నొక్కింది. పచ్చ అక్షరాలొచ్చాయి. వెతికింది. లేదు.

ఆమె గోడగడియారం వైపు చూసింది.

మళ్ళీ చేసింది, ఈసారి కుర్చీలోంచి లేవకుండా. ఉంది. ఐదు నిమిషాలు ఆగి నొక్కింది. ఉంది. ఎనిమిది, తొమ్మిది. ఉంది. పదకొండు నిమిషాలు ఆగింది. పచ్చ అక్షరాలున్నాయి, మనిషి లేడు. పది నిమిషాలు ముట్టుకోకపోతే సాఫ్ట్‌వేరు లోపల్నుంచి తలుపేసుకుంటోంది. పాత బ్రౌజరు ఆ సంగతి చెప్పకుండా, అంతకుముందు దాచిపెట్టుకున్న పచ్చ పేజీనే తీసి చూపిస్తోంది. అదే పని కొత్త బ్రౌజర్లో చేస్తే పేజీ ఆగిపోయి "మళ్ళీ లాగిన్ అవ్వండి" అంది. సూపర్వైజరు విసుక్కుని నిషేధించింది దీన్నే. విసిగిస్తుంది, నిజమే. కానీ నిజం చెబుతుంది.

మరి మగపిల్లలవి ఎందుకు పోవు? జవాబు కోసం ఒక వారం, తను కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ నోటుబుక్కులో గీత పెట్టింది. టీ. చక్రాల కుర్చీ తోయడం. డాక్టరుగారి చుట్టాలమ్మాయిని బాత్రూముకి తీసుకెళ్ళడం. తాళాలు వెతకడం. ఏడుస్తున్న పసిపిల్లని ఎత్తుకోవడం. రోజుకి ఇరవైకి తక్కువ లేవు. ఒక్కటీ ఆమె ఉద్యోగంలో రాసి ఉన్నది కాదు. పక్క కౌంటరు అమ్మాయికీ అంతే. అటువైపు కౌంటరు వాళ్ళు వారం మొత్తంలో రెండుసార్లు లేచారు, రెండూ వాళ్ళ సొంత పని మీదే. ఆ గీతల్ని ఆమె మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇన్నిసార్లు లేస్తున్నట్టు ఆమెకే తెలియదు. లెక్కలోకి రాని పని తన కాళ్ళకి తప్ప ఎవరికీ కనబడలేదు, ఆ కనబడని పనే రోగుల పేర్లు మింగేస్తోంది.

నోటుబుక్కు పట్టుకుని సూపర్వైజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తెరవలేదు. "కంపెనీ ఇంజనీర్లకి దొరకంది నీకు దొరికిందా? పోమ్మా, లైను పెరుగుతోంది" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి కౌంటరుకి రాలేదు. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళింది. ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరమ్మ గది తలుపు తట్టింది. అంత ధైర్యం ఎలా వచ్చిందని ఆ తరవాత పక్క కౌంటరు అమ్మాయి అడిగితే, "ధైర్యం కాదే, ఒళ్ళు మండింది" అంది.

మంగళవారం సమావేశం పెట్టారు. పెద్ద డాక్టరమ్మ, సూపర్వైజరు, సాఫ్ట్‌వేరు కంపెనీ ఇంజనీరు, ఈమె. గోడమీద పెద్ద తెర. ఇంజనీరు ముందే తేల్చేశాడు: "మేడం, మా వైపు సమస్యేం లేదు. వాడేవాళ్ళ పొరపాటే అయ్యుంటుంది."

ఆమె పాత బ్రౌజరు తెరిచి, ఒక పేరు కొట్టి, ఏ కన్నో రాసి, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఇప్పుడేంటి?" అన్నాడు ఇంజనీరు.

"పది నిమిషాలు ఆగాలండీ."

గదిలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఇంజనీరు ఫోను చూసుకున్నాడు. మూడో నిమిషానికి సూపర్వైజరు ఒళ్ళు విరుచుకుని, అలవాటు ప్రకారం ఆమె వైపు తిరిగి, "ఊరికే కూర్చోవడం ఎందుకు, ఈలోగా నాలుగు టీలు పట్రా అమ్మా" అన్నాడు.

ఆమె కదల్లేదు. గొంతు పెంచలేదు.

"సరిగ్గా ఇక్కడేనండీ, పేర్లు పోయేది" అంది.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి సూపర్వైజరు వైపు చూసింది. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పదకొండో నిమిషంలో ఆమె మిగతా గళ్ళు నింపి సేవ్ నొక్కింది. తెరమీద పచ్చ అక్షరాలు వెలిగాయి. "నమోదైంది కదా!" అన్నాడు ఇంజనీరు. ఆమె వెతికి చూపించింది. లేదు. అదే పని కొత్త బ్రౌజర్లో మొదలుపెట్టి మళ్ళీ పది నిమిషాలు ఆగమంటే ఈసారి ఎవరూ విసుక్కోలేదు. ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకుని ఆమె పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. ఆ పేజీ ఆగిపోయి మళ్ళీ లాగిన్ అవమంది. "మేడం, మీ నోటుబుక్కు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. ఆమె ఇచ్చింది, మళ్ళీ అడిగి తీసుకుంది.

"ఇవాళ్టి నుంచి ఆసుపత్రి మొత్తం ఏ బ్రౌజర్లో తెరవాలో మీరు చెప్పండి" అంది పెద్ద డాక్టరమ్మ.

ఆమె చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. చివర్లో, "బ్రౌజరు మార్చితే సగమే బాగుపడుతుంది మేడం. ఆ గంట మా కౌంటరుకి మోగకూడదు" అంది. పెద్ద డాక్టరమ్మ ఆ ముక్క తన చేత్తోనే ఆజ్ఞలో రాసింది. ఆ సాయంత్రమే ఆమె కౌంటరుకి దిగొచ్చి పాత చీటీల నకళ్ళన్నీ బయటికి తీయించి, పోయిన పేర్లు వెతికి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మొదటి ఫోను మామ్మకి. ఆ శుక్రవారమే మామ్మ కుడికంటికి కట్టు కట్టారు.

ఆదివారం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుంది. ఎవరూ చూడకుండా కాదు, భర్త పక్కనే పేపరు చదువుతుండగా. కొత్త బ్రౌజరు దింపుకుని, తన పేరుతో తెరిచి, పాస్‌వర్డ్ పెట్టుకుంది. ఆయన పేపరు దించాడు.

"అదేంటి, మన మధ్య రహస్యాలా?"

"రహస్యం కాదండీ. చోటు."

ఆయన పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు. అత్తగారు మాత్రం తలుపు దగ్గర నిలబడి ఇదంతా విని, "అమ్మాయ్, అందులో నాకూ ఒకటి పెట్టుకోవచ్చా?" అని అడిగింది.

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. ఆసుపత్రికి వేరే ఊళ్ళలో ఉన్న ఆరు శాఖల్లోనూ కౌంటరు వాళ్ళకి ఆమే వెళ్ళి నేర్పాలి. భర్త కాగితం రెండుసార్లు చదివి, "మరి ఇక్కడ ఇల్లు?" అన్నాడు. "మీరు ముగ్గురూ ఉంటారుగా" అంటూ ఆమె బట్టలు మడత పెట్టుకుంది.

మొదటి శాఖలో ఒక పొడుగాటి గది. ఇరవై రెండుమంది, అందరూ ఆడవాళ్ళే. కొందరు ఆమెకంటే పెద్దవాళ్ళు. ఆమె తెర ముందు నిలబడి, రెండు బ్రౌజర్లు పక్కపక్కన తెరిచి, ఏది ఎప్పుడు అబద్ధం చెబుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పింది. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, ఇవన్నీ తెలియాలంటే ఏం చదవాలి? మీరు ఎక్కడ చదువుకున్నారు?"

నవ్వుతూ దాటేయడానికి ఆమె దగ్గర ఒక అలవాటైన నవ్వుంది. పెదవుల దాకా వచ్చిన ఆ నవ్వుని ఆమె ఆపేసింది. ఇరవై రెండు మొహాలూ తన వైపే చూస్తున్నాయి.

"నువ్వు కూర్చునే కుర్చీలాంటి కుర్చీలోనే తల్లీ" అంది ఆమె. "పదిహేడేళ్ళు చదివాను."