నీలిరెక్కకు నచ్చిన కెమెరా

వ్లాస్తా చెక్ దేశంలోని ప్షెరోవ్‌లో బడిపిల్లలకు వంట చేస్తుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పులుసులు కలుపుతూ, పిండిముద్దలు ఉడకబెడుతూ, పళ్ళెంలో సగం వదిలేసే పిల్లల్ని కసురుతూ ఉంటుంది. ఏప్రన్ విప్పి వంకీకి తగిలించాక ఆమె వెళ్ళేది ఇంటికి కాదు, ఇంటి కిందికి. వాళ్ళ అపార్ట్‌మెంట్ అడుగున బట్టలారేసే గది ఒకటి ఉంది. ఎవరి బాల్కనీలో వాళ్ళు ఆరేసుకోవడం మొదలుపెట్టాక ఆ గది ఊరికే పడి ఉంటే, అందులో గోడ వెంట పోయే వేడినీళ్ళ గొట్టాలను చూసి వ్లాస్తాకు ఆశ పుట్టింది. ఒక తొట్టె పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకొకటి పెట్టింది. చివరికి గదంతా చేపల తొట్లే అయ్యాయి.

ఆ తొట్లన్నిటా ఒకే రకం చేప. బొటనవేలంత ఉంటుంది. దక్షిణ అమెరికా వాగుల్లోంచి ఎప్పుడో ఎవరో తెచ్చిన జాతి, చూడ్డానికి బూడిదరంగు, కొనేవాడు రెండోసారి తిరిగి చూడడు. అయితే ఒకసారి ఒక మగ చేపపిల్లకి వీపు రెక్క అంచున సన్నటి నీలం గీత కనిపించింది. వ్లాస్తా దాన్ని విడిగా పెంచింది. దాని పిల్లల్లో నీలం ఎక్కువున్నవాటిని ఏరింది, వాటి పిల్లల్లో మళ్ళీ ఏరింది. ఏళ్ళకేళ్ళు ఏరగా ఏరగా గీత కాస్తా రెక్క సగానికి వచ్చింది. నీలిరెక్కలని పేరు పెట్టుకుంది. ఆ నీలం లోకంలో ఇంకెక్కడా లేదని ఆమె నమ్మకం, అది నిజం కూడా కావచ్చు.

ఆ చలికాలంలో అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు కబురు పెట్టారు. వసంతం రాగానే పాత గొట్టాలు పీకేస్తారట, ఆ గదిలో సైకిళ్ళు పెట్టుకుంటారట. వ్లాస్తా వంటింట్లో ఒక్క తొట్టెకు మించి పట్టదు. ఒక్క తొట్టెతో వంశం నిలబడదు, రెండు తరాల్లో రంగు వెలిసిపోయి మళ్ళీ బూడిదచేపలే మిగులుతాయి. ఎవరో ఒకరు మొత్తంగా తీసుకోవాలి. వెచ్చటి గది ఉన్నవాళ్ళు, ఓపికున్నవాళ్ళు తీసుకోవాలి.

ఊళ్ళో చేపల క్లబ్బు ఉండనే ఉంది కానీ అక్కడ ఒక్కరూ ముందుకు రాలేదు. దానికి కారణం హినెక్. హినెక్ రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి, క్లబ్బు పత్రికకు ఫోటోలు తీసేది అతనే. అతని దగ్గర నల్లటి పెద్ద కెమెరా ఉంది, ముందుకు పొడుచుకొచ్చిన లెన్సుతో ఫిరంగిలా ఉంటుంది. పోయినేడు దాన్ని మోసుకొచ్చి నీలిరెక్కల్ని ఫోటో తీశాడు. పత్రికలో అచ్చయింది చూస్తే ఉడికించిన వంకాయ తొక్క రంగులో ఒక చేప, మూలన నక్కి ఉంది. కింద "వ్లాస్తాగారి నీలం" అని రాశాడు. క్లబ్బంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

వ్లాస్తాకు ఒళ్ళు మండి మళ్ళీ తీయమంది. మళ్ళీ తీశాడు, మళ్ళీ బూడిదే. మగచేపకి అద్దం చూపిస్తే ఇంకో మగాడు వచ్చాడనుకుని రంగులన్నీ విప్పుతుందని మా చేపలవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆ పనీ చేశారు. తొట్టె వెనకాల అద్దం పెడితే చేప అద్దం వైపు తిరిగి వీరంగం వేసింది, కెమెరాకు మాత్రం తోక చూపించింది.

"నేనంటే సిగ్గుపడుతోంది, డ్రాహా, నీ పిల్ల," అన్నాడు హినెక్, వేరే ఎవరి పేరో పెట్టి పిలిచి ఆమెను ఉడికించడం అతనికి అలవాటు. "ఆ నీలం నీ దీపంలో ఉంది. చేపలో లేదు."

"నా పేరు వ్లాస్తా. నీలం చేపలోనే ఉంది. నీకు తీయడం రాదు."

ఇలా ఉండగా ప్రెషోవ్‌లో ఉండే ఒటీలియా అనే ఆవిడ సంగతి తెలిసింది. ఆ ఊరు సరిహద్దు దాటాక స్లొవాకియాలో ఉంది. ఆవిడ మరుగుజ్జు చేపలు పెంచడంలో గట్టి చెయ్యి, పెద్ద వెచ్చటి నేలమాళిగ ఉంది. వ్లాస్తా ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల ఆవిడ చాలాసేపు విని, మెల్లగా మాట్లాడింది.

"నీలం, నీలం అని నన్ను ఇదివరకే రెండుసార్లు రైలెక్కించారమ్మా. వెళ్ళి చూస్తే రెండుసార్లూ బూడిదే. ఈసారి ముందు ఫోటో పంపండి. రంగులు దిద్దింది వద్దు, ఉన్నదున్నట్టు తీసింది పంపండి. అందులో నీలం కనిపించిందా, నేనొచ్చి అన్నీ తీసుకెళ్తాను. లేదంటే ఏమనుకోకండి."

అలా వ్లాస్తా బతుకులో మొదటిసారి కెమెరా కొనాల్సి వచ్చింది. తన కెమెరాలాంటిదే కొనమని హినెక్ పోరు. ఊళ్ళో కొత్త సామాన్ల కొట్లో కుర్రాడు పిక్సెళ్ళ లెక్కలు గడగడా అప్పజెప్పాడు. ఈ చేపని ఇది పట్టుకుంటుందా అని అడిగితే, మంచు మీద జారేవాళ్ళనే పట్టుకుంటుంది చేపెంతండీ అన్నాడు. ఒక్కరోజు ఇంటికి తీసుకెళ్ళి చూస్తానంటే మాత్రం నీళ్ళు నమిలాడు. వ్లాస్తా రెండు రాత్రులు మంచం మీద దొర్లి ఒక నిర్ణయానికొచ్చింది. కెమెరా చేప దగ్గరికి రాకపోతే చేపే కెమెరా దగ్గరికి పోవాలి.

చలికాలం ఆదివారాల్లో చేపల సంతకు వెళ్ళేటప్పుడు మావాళ్ళు చేపలున్న ప్లాస్టిక్ సంచుల్ని చేత్తో పట్టుకోరు, కోటు లోపల పొట్టకు ఆనించి కట్టుకుంటారు. ఒంటి వేడికి నీళ్ళు చల్లారవు. వ్లాస్తా కూడా శనివారం పొద్దున తన మేలైన మగచేపని సంచిలో వేసి, సగం నీళ్ళూ సగం గాలీ ఉంచి ముడి బిగించి, పొట్టకు కట్టుకుని పైన కోటు గుండీలు పెట్టుకుంది. ఫోటోలకని అంటించి చేసిన బెత్తెడు వెడల్పు గాజు తొట్టెను, ఫ్లాస్కులో వెచ్చటి తొట్టె నీళ్ళనూ బుట్టలో వేసుకుని పక్కనున్న పెద్ద ఊరు ఒలొమౌత్స్‌కు రైలెక్కింది. అక్కడ ట్రామ్‌లో ఒక కుర్రాడు ఆమె పొట్టను చూసి గబుక్కున లేచి చోటిచ్చాడు. తర్వాత మొహం చూసి, ఈ వయసులోనా అన్నట్టు బిక్కమొహం వేశాడు. వ్లాస్తా దర్జాగా కూర్చుని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

ఒలొమౌత్స్‌లో పాత కెమెరాల కొట్టు ఒకటి ఉంది. నడిపేది రదీమ్ అనే నడివయసు మనిషి. ఆమె కోటు విప్పి సంచి తీస్తుంటే అతను కళ్ళు పెద్దవి చేశాడు కానీ, విషయం వినగానే బల్ల మీది సామానంతా పక్కకు తోశాడు. తొట్టె పెట్టించాడు. ఫ్లాష్ కొడితే గాజు మీద తెల్లటి మచ్చ పడుతుందని దాన్ని ఆపేసి, బల్లదీపం తెచ్చి తొట్టె మీదుగా వంచాడు. తనకు చేపల గురించి తెలియదని, వెలుగు గురించి మాత్రం కాస్త తెలుసనీ అన్నాడు. వ్లాస్తాకు అతని మీద గురి కుదిరింది.

మొదట ఒక నల్లటి పెద్ద కెమెరా తెచ్చాడు, హినెక్‌దానికి తమ్ముడిలా ఉంది. లెన్సు గాజుకు దగ్గరగా రాగానే చేప అడుగుకు దిగింది, రెక్కలు ఒంటికి అంటించుకుంది, రంగు చప్పున దిగిపోయింది. ఇంకొకటి తెచ్చాడు. అది వేగంలో మెరుపు, టకటకా తీసింది, తీసినవన్నీ బూడిదచేప ఫోటోలే. మూడోదానికి చేప మూలకు పోయి తల దాచుకుంది. రదీమ్ మర్యాదస్తుడే కానీ, నీలమేదీ అని అతని కళ్ళు అడుగుతూనే ఉన్నాయి.

తొట్టెలో నీళ్ళు చల్లారుతున్నాయి. వ్లాస్తా వేలు ముంచి చూసి ఫ్లాస్కులోంచి కాసిని పోసింది. చేప మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. ఉన్నవాటిలో మేలైనదాన్ని తెచ్చి చలికి చంపేస్తున్నానేమో అని ఆమెకు భయం పట్టుకుంది. అంతకంటే లోపల ఇంకో భయం ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ నీలం నిజంగా తన దీపంలోనే ఉందేమో. ఇన్నేళ్ళూ తాను ఏరింది బూడిదలోంచి బూడిదనేనేమో.

"చాలండి, ఇక తీసుకుపోతాను," అంది.

రదీమ్ అల్మారా అడుగునుంచి అరచేతిలో పట్టే కెమెరా ఒకటి తీశాడు. ముందుభాగమంతా మెరిసే వెండిరేకు, లెన్సు చూస్తే చొక్కా గుండీ అంత.

"ఇది కొనమని నేనైతే చెప్పనండీ," అన్నాడు. "దగ్గరగా తీయడంలో దీన్ని మించింది లేదు గానీ, బటన్ నొక్కాక కాసేపు ఆలోచించుకుంటుంది. దీన్ని నాకు అమ్మినాయన, మనవరాలు కేకు మీద కొవ్వొత్తులు ఊదుతుంటే నొక్కాడట. ఫోటోలో పొగొచ్చింది."

వ్లాస్తాకు నవ్వు రాలేదు. ఎలాగూ వచ్చాను కదా అని అదీ అందుకుని గాజుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది.

చేప కదిలింది. మూలలోంచి ఒక అంగుళం ముందుకొచ్చి ఆగింది. ఇంకాస్త ముందుకొచ్చింది. కెమెరాకు ఎదురుగా వచ్చి, ఒక్కసారిగా పక్కకు తిరిగి, వీపు రెక్కను నిలువునా లేపింది. మొప్పలు ఉబ్బాయి. ఒళ్ళంతా బిగుసుకుంది. రెక్క సగానికి సగం నీలం, దీపం కింద తడితడిగా మెరిసే నీలం.

"ఎవరి మీద కోపం దానికి?" అన్నాడు రదీమ్ గొంతు తగ్గించి.

"తన మీదే. మీ వెండిరేకులో వాడికి వాడే కనిపిస్తున్నాడు."

ఆమె బటన్ నొక్కింది. కెమెరా ఆలోచించుకుంది. ఎంతైనా ఆలోచించుకోనీ, చేప ఎక్కడికీ పోలేదు. ఎదుటివాడు పారిపోయేదాకా కదిలేది లేదన్నట్టు అక్కడే నిలబడి ఒళ్ళు విరుచుకుంటోంది. అప్పుడు వ్లాస్తాకు మిగిలిందంతా అర్థమైంది. హినెక్ ఫిరంగిలో చేపకు కనిపించింది నల్లటి పెద్ద నోరు. నీళ్ళలో అలాంటి నోరు చూసిన ఏ చిన్నచేపయినా రంగు దాచుకుని ప్రాణం కాపాడుకుంటుంది. వెనక పెట్టిన అద్దం చేపని అటు తిప్పింది. ఇక్కడ అద్దమూ కెమెరా ఒకే చోట ఉన్నాయి, అంతే తేడా. హినెక్‌కు తీయడం రాదని ఇన్నాళ్ళూ తిట్టింది అన్యాయమే అనుకుంది, అయినా ఆ మాట అతనికి చెప్పే ఉద్దేశం ఆమెకు లేదు.

రదీమ్ ఆ ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెద్ద తెర మీద చూపించాడు. వ్లాస్తా కుర్చీలో కూలబడింది. నీలం తన కళ్ళలో లేదు, దీపంలో లేదు. అది పరాయివాడి కొట్లో, పరాయి దీపం కింద కూడా నీలమే. ఆమె ఏడ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చింది. రదీమ్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి, అవసరమైనదానికంటే ఎక్కువసేపే ఉన్నాడు.

వ్లాస్తా ఆ వెండిరేకు కెమెరానే కొనుక్కుని ఊరికి వచ్చింది, కానీ ఆమెకు కంప్యూటర్ లేదు కాబట్టి ఫోటో ఒటీలియాకు పంపాల్సింది హినెకే. హినెక్ ఇంటి గుమ్మం దగ్గర బూట్లు విప్పి అతనిచ్చిన చెప్పులు తొడుక్కుని ఆమె లోపలికి వెళ్ళింది. అతను ఫోటో తెరిచి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. వేళాకోళం ఏదో నోటిదాకా వచ్చినట్టే ఉంది గానీ బయటికి రాలేదు.

"వ్లాస్తా," అన్నాడు చివరికి, అసలు పేరు పెట్టి. "పత్రికలో ఇది వేస్తాను. మొదటి పేజీలో."

ఒటీలియా వచ్చింది. ఎత్తుగా, సన్నగా, తక్కువగా మాట్లాడే మనిషి. తొట్లన్నీ ఒక్కొక్కటే చూసి, జంటలన్నిటినీ థర్మాకోల్ పెట్టెల్లో సర్దుకుని రాత్రి రైలెక్కింది. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పింది. ప్రెషోవ్ నీళ్ళలో సున్నం బాగా ఎక్కువని, వాననీళ్ళు పట్టి కలుపుతానని, అయినా ఆ నీళ్ళలో ఇవి గుడ్లు పెడతాయో లేదో మాటివ్వలేనని అంది. వ్లాస్తా తల ఊపింది. ఫోటో తీసిన మగచేప అప్పటికే ముసలిది, దాన్ని మాత్రం వంటింటి తొట్టెలో ఉంచుకుంది. అది ఇక ఎన్నాళ్ళో బతకదని ఆమెకు తెలుసు. అంటే ఆ వంశమంతా ఇప్పుడు ప్రెషోవ్ నేలమాళిగలోనే ఉంది.

గొట్టాలు పీకేశారు. గదిలోకి సైకిళ్ళొచ్చాయి. ఏప్రిల్ గడిచింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒటీలియా, చేపలు తింటున్నాయి, తిరుగుతున్నాయి, గుడ్లు మాత్రం లేవు అనేది. తర్వాత తర్వాత వ్లాస్తా ఫోన్ చేయడం మానేసింది. బడిలో పులుసులో ఉప్పు ఎక్కువైందని పిల్లలు ఫిర్యాదు చేశారు.

చెర్రీలు పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం హినెక్ నేరుగా బడి వంటింటికే వచ్చి, చేతిలోని గరిటె పక్కన పెట్టేయమని, తనతో రమ్మని అన్నాడు. ప్రెషోవ్ నుంచి ఏదో ఫోటో వచ్చిందట. ఏముందో తనకు అర్థం కాలేదట. దారి పొడవునా అతను ఒటీలియాను తిడుతూనే ఉన్నాడు.

"ఆ మనిషికి కెమెరా పట్టుకోవడం కూడా రాదు. తెలుసా నీకు? చెయ్యి వణికింది, దీపం లేదు, గాజు తుడవలేదు. అదీ ఒక ఫోటోనా?"

నిజమే, అంత చెడ్డ ఫోటో వ్లాస్తా ఎప్పుడూ చూడలేదు. నీలం మచ్చుకైనా లేదు. మసక చీకట్లో పసుప్పచ్చగా అలికినట్టు ఒక ఆడచేప ఉంది. పిల్లల్ని కాసేటప్పుడు ఆ ఆడచేపలు పసుపుకు తిరుగుతాయి. వ్లాస్తా తెర దగ్గరికి వంగింది. ఆడచేప కింద ఇసుక మీద దుమ్ము పడినట్టు, గసగసాలు చల్లినట్టు చుక్కలు ఉన్నాయి.

ఆమె ఏప్రన్ అంచుతో తెర తుడిచింది. చుక్కలు పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిచింది. అప్పుడు చూస్తే ఒక్కో చుక్కకూ సూదిమొనంత కన్ను కనిపించింది.

"పిల్లలు," అంది. "హినెక్, ఇవన్నీ పిల్లలు."

హినెక్ ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. వ్లాస్తా తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.