ఎద్దుకొక మాట, తాతకొక మాట

మా గుట్ట మీద కరెంటు తీసే గాలి ఫ్యాన్లు నిలబెట్టిన కంపెనీ గెస్టుహౌసుకు నేను అన్నం క్యారియరు మోసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి, వయసు అరవై దాటింది. అయినా జర్మనీ భాష, జావా భాష రెండూ వచ్చినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. వచ్చని నేనే చెప్పుకున్నాను. కాదనడానికి ఇంకెవరికీ రాదు కాబట్టి అదే ఖాయమైంది.

గెస్టుహౌసులో ఇద్దరుండేవారు. ఒకడు జర్మనీ ఇంజనీరు హెల్ముట్, వాకిలి దాటాలంటే నడుం వంచాల్సినంత మనిషి. రెండోవాడు జావా నుంచి వచ్చిన ఫిట్టరు సుతర్నో, నవ్వకుండా నీళ్ళు కూడా తాగడు. సాయంత్రమైతే ఈశ్వరప్ప టీ అంగట్లో కూర్చుని వీళ్ళ భాషల్ని పోల్చి చెప్పడం నా పని.

"జర్మనీ మాట ఎంత పొడుగంటే, ధర్మవరం గేటుకాడ గూడ్సు ఇంజను కనపడినప్పుడు మొదలుపెడితే గార్డు డబ్బా పోయేదాకా అయిపోదు. జావా మాట ఎంత మెత్తనంటే, పెదివి మీద కూచున్న ఈగ గూడా లేవదు."

"తిప్పయ్య మామా, ఆ ఈగను నువ్వు చూసినావా?" అని బయ్యన్న అడిగేవాడు.

"చూసినా. అదీ జావాదే. తినేదాన్నే చూడండప్పా. జర్మనీలో మనిషి తింటే ఎస్సెన్, గొడ్డు తింటే ఫ్రెస్సెన్. జావాలో పిల్లోడు తింటే మంగన్, పెద్దాయప్ప తింటే ధహర్. వాళ్ళు ఎద్దుకు వేరే మాట పెట్టుకున్యారు, వీళ్ళు తాతకు వేరే మాట పెట్టుకున్యారు."

"మరి మన లింగన్న తాత తింటే?"

"ఆయప్ప ముద్ద మింగేది చూస్తే జర్మనీలోనే చెప్పల్ల."

అందరూ నవ్వేవారు. ఇంకో ముచ్చట కూడా చెప్పేవాణ్ణి. హెల్ముట్‌ను ఏదడిగినా, అది లేకపోతే 'నైన్' అంటాడు, మొహాన తలుపు వేసినట్టు. సుతర్నో 'దెరెంగ్' అంటాడు, అంటే ఇంకా లేదని. "బట్టతల వచ్చేసినాది ఆయప్పకు, పెండ్లి మాత్రం దెరెంగ్!"

రెండు వేల రెండులో ఈ నవ్వులు ఆగిపోయాయి. ఆలస్యంగా ఒక్క పదును వాన పడితే అందరం చెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తనం వేశాం. పూత వచ్చింది. కాయలు పట్టే ఊడలు భూమిలోకి దిగాలంటే ఇంకొక వాన కావాలి. పడమర నుంచి మబ్బులు రోజూ వచ్చేవి, గుట్ట దాటి పోయేవి. గుట్ట మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఫ్యాన్లే మబ్బుల్ని తరుముతున్నాయని ఊరు నమ్మింది. ఇంట్లో ఫ్యాను ఈగల్ని తరమడం అందరం చూసిందే కదా.

బయ్యన్నకు అప్పటికి మిగిలింది ఎండుతున్న ఆ చేను, ఒక జత ఎద్దులు. వాములో గడ్డి పరక లేదు. ఎద్దుల పక్కటెముకలు దూరం నుంచే కనిపించేవి. వాడి పెండ్లాం వనజాక్షి రోజూ ఒకటే మాట.

"పచ్చిగా ఉండంగానే చెట్టు కోసి ఎద్దులకన్నా ఏస్తాం. ఇంగ రెండు దినాలైతే ఆకు రాలి పుల్లలు మిగుల్తాయి. అప్పుడు సంతలో కటికోళ్ళకే తోలల్ల."

"కోసినాక వానొస్తే?" అనేవాడు బయ్యన్న. "ఏం తిని బతుకుతాం?"

ఒకరోజు పొద్దున్నే నా దగ్గరకు వచ్చాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"మామా, నీకు వాళ్ళ మాటలొస్తాయి. ఫ్యాన్లు ఆపమని అడుగు. ఒక్క వాన పడేదాకా. ఆపుతామంటే చేను ఉంచుతా. లేదంటే ఈ దినమే కొడవలి పెడతా."

ఇద్దరం గుట్టెక్కాం. నాకు వచ్చిన మాటలన్నీ తిండివే. మిగతాది చేతులతో, రెండు ఇంగ్లీషు ముక్కలతో అడిగాను. ఫ్యాను వైపు చూపించాను, మబ్బు వైపు చూపించాను, బయ్యన్న పొట్ట చూపించాను. హెల్ముట్‌కు అర్థమైంది. "నైన్, నైన్" అంటూ మట్టిలో కూర్చుని పుల్లతో గీశాడు. కింద చీపురుపుల్లంత ఫ్యాను, మబ్బు ఎక్కడో ఆకాశంలో. ఈ గాలి అంతెత్తుకు పోదని చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ మనిషి మొహం ఎర్రబడింది. కోపమో బాధో నాకు తెలియలేదు.

"అరుస్తాడేంది మామా?" అని బయ్యన్న సుతర్నో వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు. సుతర్నో ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని తల వంచాడు. మబ్బును చూశాడు. నవ్వుతూనే, కళ్ళలో నీళ్ళతో, "దెరెంగ్" అన్నాడు.

దిగివచ్చేటప్పుడు బయ్యన్న నడక మారింది.

"ఆ జావా ఆయప్ప మంచోడు మామా. ఇంకా లేదన్యాడంటే, ఇంగ రేపో మాపో అనే కదా? నువ్వే చెప్పినావే!"

నేను ఆగిపోయాను. అవునంటే చాలు, ఇంకో వారం వాడు ఆశతో బతుకుతాడు. నా నోటికి అలాంటి మాట ఎంత సులువో ఊరంతటికీ తెలుసు. కానీ వారం తర్వాత చేలో పుల్లలు, ఎద్దుల గాట్లో ఖాళీ పలుపులు.

"బయ్యన్నా, ఇద్దరూ లేదనే చెప్పినారు రా. ఒకడు తలుపేసి చెప్పినాడు, ఒకడు చెయ్యి పట్టుకోని చెప్పినాడు. మాట ఒకటే. చేను కొయ్యి."

"నువ్వు అబద్ధాల తిప్పయ్యవి! ఊరంతా అంటారు!"

"అంటారు. కొయ్యి."

నా చొక్కా పట్టుకుని ఊపాడు. ఉన్న తిట్లన్నీ తిట్టాడు. తర్వాత వదిలేసి, చేలోకి పోయి కూలబడ్డాడు. వనజాక్షి కొడవలి తెచ్చింది. నేనూ ఒకటి తీసుకున్నాను. నేల ఇనుములా ఉంది. పొద్దు వాలేదాకా ముగ్గురం కోశాం. పసుపు పూలు రాలి చేతులకు అంటుకున్నాయి. బయ్యన్న ఏడుస్తూనే కోశాడు.

మోపు తెచ్చి ఎద్దుల ముందు వేశాడు. అవి గబగబా నమలసాగాయి. ఆ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాడు. మబ్బు ఒకటి గుట్ట దాటి పోయింది. వాడు తలెత్తలేదు.

"మామా, గొడ్డు తింటే ఏమంటారంటివి?"

"ఫ్రెస్సెన్."

"అది కాదు. ఇంకోటి. పెద్దాయప్ప తింటే."

"ధహర్."

బయ్యన్న పెద్దెద్దు గంగడోలు మీద చెయ్యి వేశాడు.

"ధహర్ చెయ్ నాయనా," అన్నాడు. "తొందర లేదు. మెల్లగ ధహర్ చెయ్."