నీలకవచుడి ఆఖరి పేజీ

"చేతులు కడుక్కొని ముట్టు నళినీ. మసాలా వాసన పట్టిందంటే దాని వ్యాల్యూ సగానికి పడిపోతుంది," అన్నాడు మోహన్.

నేను ముట్టబోలేదు కూడా. బజ్జీల కోసం మిరపకాయలు చీరి గింజలు తీస్తూ దానివైపు చూశానంతే. డైనింగ్ టేబుల్ మీద, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులోని పాత కామిక్ మీద, ఒక చెయ్యి ఆకాశంలోకి చాచి నీలకవచుడు ఎగురుతున్నాడు. అట్ట మీద ఒక్క మడత లేదు. కొత్త నోటులా ఉంది. ఆ టేబుల్ నేను తుడిచిందే, ఆ వీరుడు నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి తెలిసినవాడే. ముట్టుకోవడానికి మాత్రం నాకు పర్మిషన్ కావాలి.

మోహన్‌కు ఈ పిచ్చి పట్టి మూడేళ్లయింది. పాత కామిక్స్‌కు ఇప్పుడు మంచి ధర ఉందని వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ఎవరో చెప్పారు. అప్పటినుంచి హాల్లో అద్దాల బీరువా, ఫోన్‌లో కలెక్టర్ల గ్రూపు, ఆదివారాలు మీటింగులు. "చిన్నప్పటినుంచీ నాకు నీలకవచుడంటే ప్రాణం" అని వచ్చినవాళ్లకు చెబుతాడు. పెళ్లైన కొత్తలో నా ట్రంకు తెరిచి, చీరల కింద ఉన్న నీలకవచుళ్లను చూసి పగలబడి నవ్విన మనిషి కూడా ఈయనే. మా అత్త నంజమ్మ అయితే, "పెండ్లైనంక ఇంకా బొమ్మల పుస్తకాలేందమ్మా, పొయ్యిలోకన్నా పనికొస్తాయి" అంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఇప్పుడు రెండో బీరువా వస్తోంది. మారతహళ్ళి ఫ్లాట్‌లో దానికి చోటెక్కడుంది? నా ట్రంకు ఉన్న మూలే కావాలట. "నీవన్నీ చినిగినవే కదా, కలెక్టర్లెవరూ ముట్టరు. రేపు పొద్దున పాత పేపర్ల మస్తాన్ వస్తాడు, ఇచ్చెయ్" అన్నాడు పొద్దున కాఫీ తాగుతూ. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. మా ఇంట్లో నేను కాదనకపోతే సరే అన్నట్టే లెక్క.

నగర్తపేటలో మా నాన్నకు గుండీలు, లేసుల హోల్‌సేల్ అంగడి ఉండేది. అనంతపురం నుంచి వచ్చే సరుకుతోపాటు నెలకోసారి తెలుగు కామిక్ ఒకటి వచ్చేది. మా అన్న చేతన్ చదివాక చిన్నాన్న కొడుకులు, వాళ్ల తర్వాత పక్కింటి పిల్లలు, అందరి చేతులూ తిరిగి అంట్లు తోమడం అయ్యాక నా దాకా వచ్చేది. వస్తే మాత్రం, అబ్బా! మిద్దె మీద ఆరేసిన బట్టల మధ్య దూరి కూర్చుంటే కింద ఎవరు పిలిచినా వినపడేది కాదు. బడిలో నాకు కన్నడమే. తెలుగు అక్షరాలు నేర్పించింది నీలకవచుడే. 'భ', 'ఘ' లాంటి పెద్ద పెద్ద అక్షరాలన్నీ పేలుళ్ల శబ్దాల్లోనే నేర్చుకున్నాను. మనిషి అలా నేలమీంచి లేస్తాడని, లేచి ఊరంతా ఒక్కచూపులో చూస్తాడని తెలిసినప్పుడు నోరు తెరుచుకొని ఉండిపోయాను. ఇప్పటికీ ఆ నీలం రంగు చూస్తే గుండె ఒక్క క్షణం తేలికవుతుంది.

మగపిల్లలు పెరిగి వాటిని మర్చిపోయారు. నేను పోగుచేసుకొని ట్రంకులో పెట్టుకున్నాను. ఉద్యోగం, వంట, పిల్ల వచ్చాక ఆ ట్రంకు తెరవడానికి తీరికెక్కడిది? కథలు మాత్రం మర్చిపోలేదు. మా పాప అంబికకు అన్నం తినిపిస్తూ, జడ వేస్తూ అన్నీ చెప్పాను. దానికి బాగా నచ్చింది 'మేఘాల కోట'. మోహన్ మొన్న అంత డబ్బు పోసి కొన్నదీ, టేబుల్ మీద ఉన్నదీ అదే.

నాలుగింటికి వాళ్లు వచ్చారు. గ్రూపులో పెద్దాయన చెన్నరాయప్ప, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనతో ఇంకో ఇద్దరు. నేను బజ్జీలు వేస్తున్నాను, మోహన్ తన బాల్యం చెబుతున్నాడు. పీయూసీ చదివే మా అంబిక చేతులు కడుక్కొని మరీ వచ్చి, కవరులోంచి పుస్తకం తీసి ఆఖరి పేజీ తిప్పింది.

"అప్పా, ఇది డూప్లికేట్. నిన్ను మోసం చేసినారు."

ఎవరు చెప్పారే అని మోహన్ గద్దించాడు.

"ఆఖరి బొమ్మ మార్చేసినారప్పా. రాక్షసుడి కోటలో వంటామె కదా కవచం వేసుకొని ఎగిరేది? దీంట్లో ఆమె లేనేలేదు."

మోహన్ మొహం పాలిపోయింది. అమ్మినవాడికి ఫోన్ చేయడానికి లేచాడు. చెన్నరాయప్ప పుస్తకం తీసుకొని, కాగితం వేళ్లతో తడిమి, అచ్చు చూసి, అసలుదిలాగే ఉందే అని గొణిగాడు. నాకు కూతురి మీద చెప్పలేనంత గర్వం వేసింది. పొయ్యి కట్టేసి బయటికొచ్చాను.

"అంబిక చెప్పేది నిజం. ఆఖర్లో ఎగిరేది ఆమే. నా పుస్తకం తెస్తా, చూద్దురు" అన్నాను.

లోపలికి వెళ్లి ట్రంకు తెరిచాను. కలరా ఉండల వాసన. 'మేఘాల కోట' పైనే దొరికింది. నిలబడే ఆఖరి పేజీ తిప్పాను. పేజీ కింది సగంలో చతురస్రంగా రంధ్రం ఉంది. అందులోంచి నా అరచెయ్యి కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది చేతన్ కత్తెర. ఆఖరి పేజీ వెనకవైపు కూపన్ ఉండేది. కూపన్లు కూడబెట్టి పంపితే పోస్టులో నీలకవచుడి బిళ్ల వచ్చేది, చొక్కాకు పెట్టుకోవడానికి. పుస్తకం ఇంటికి రాగానే చేతన్ కూపన్ కోసేవాడు, దాంతోపాటు ఇవతలివైపున్న ఆఖరి బొమ్మా పోయేది. వాడు అప్పటికే చూసేసి ఉండేవాడు కాబట్టి వాడికి నష్టం లేదు. ఏముండిందని అడిగితే, "ఏముంటాది, గెలిచినాడు" అనేవాడు. ఆ మాట నాకు సరిపోయేది కాదు.

ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నిటికీ అదే కిటికీ. ఇన్నేళ్లుగా నేను చదివానని నమ్మిన ముగింపుల్లో ఒక్కటీ ఎవరూ అచ్చువేయలేదు. కోటలో ఖైదీగా ఉన్న వీరుడికి గంజి తెచ్చిచ్చి, రాక్షసుడి మొలలోంచి తాళంచెవి కొట్టేసి తలుపు తీసిన వంటామెను కథ రాసినవాళ్లు అక్కడే వదిలేశారు. మిద్దె మీద కూర్చున్న ఒక పిల్ల మాత్రం వదల్లేదు. వీరుడి చెయ్యి విరిగిందని చెప్పి, కవచం విప్పించి ఆమెకు తొడిగింది. వదులైతే లోపల కొంగు దోపించింది. ఆకాశంలోకి పంపింది. ఆ ఇంట్లో అందరికన్నా చివర అన్నం తినే పిల్లకు అంత ఆకాశం ఎక్కడిది? ఎవరిచ్చారు? నేనేనా అది? ఆఫీసులో ప్రజెంటేషనంతా నేను తయారుచేస్తే మేనేజరు లేచి చదువుతుంటాడు, వెనక వరసలో కూర్చొని చప్పట్లు కొడతాను చూడండి, ఆ నేనేనా?

పుస్తకం పట్టుకొని హాల్లోకి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బొమ్మ నేను ఎప్పుడూ చూడలేదని, ఆమె ఎగిరిందని నేను అనుకున్నదేనని. అంబిక కళ్లు పెద్దవి చేసి నన్నే చూస్తోంది.

మోహన్ గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. "చూసినారా సార్! మావిడ కల్పించిందంట. నా కాపీ ఒరిజినలే."

చెన్నరాయప్ప నవ్వలేదు. ఆమె ఎట్లా ఎగిరిందో చెప్పమన్నాడు. చెప్పాను. అలవాటు లేని పని కదా, మొదట మాటలు వెతుక్కున్నాను, తర్వాత ఆగలేదు. అంతా విని, ఆయన మోహన్ పుస్తకంలో ఆఖరి బొమ్మను చాలాసేపు చూశాడు. వీరుడు ఆకాశంలో, కింద చేతులు ఊపుతున్న జనం.

"ఇన్నేండ్లుగా ఈ కథ చదువుతాండా. ఆమె ఏమైందని నేనొక్కసారీ అడగలేదు తల్లీ," అన్నాడు.

వాళ్లు వెళ్లాక మోహన్ తన పుస్తకాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశాడు. మస్తాన్ పొద్దున్నే వస్తాడు, ట్రంకు వరండాలో పెట్టమని మళ్లీ గుర్తుచేశాడు.

"ట్రంకు ఎక్కడికీ పోదు," అన్నాను. "బీరువాకు వేరే చోటు చూసుకోండి."

ఏమనుకున్నాడో, నా మొహం చూసి బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంబిక అడక్కుండానే డ్రాయింగ్ షీటు తెచ్చి, ఆ కిటికీ కొలతకు కోసి ఇచ్చింది. నాకు బొమ్మలు వేయడం రాదు. మొదటి గీతే వంకరపోయింది. చెరిపి మళ్లీ గీశాను. బజ్జీల మూకుడు పొయ్యి మీదే ఉంది, కప్పులు సింకులో ఉన్నాయి. కాసేపటికి మోహన్ వచ్చి, రాత్రికి ఏం చేస్తున్నావని అడిగాడు.

నేను తల ఎత్తలేదు. "ఈ పూట వంట మీరు చేసుకోండి. ఆకాశంలో ఒకామె నా కోసం చానా ఏండ్లుగా కాచుకోనుండాది."