తాడు పట్టుకునే మనిషి

అమ్మ సర్దిన బ్యాగునే మళ్ళీ విప్పి సర్దుతోంది. ఇస్త్రీ చొక్కాలు పైకి తెచ్చింది. బూట్లు పాత పేపర్లో చుట్టి అడుగున పెట్టింది. కాలేజీ వాళ్ళిచ్చిన స్టాప్‌వాచ్‌ని పగిలే వస్తువేమో అన్నట్టు పట్టుకుని చూసి, చెల్లెలికని కొన్న కొత్త తువ్వాలులో చుట్టి మడతల మధ్య దూర్చింది.

“రెండు నెలలే కదమ్మా. అదీ పిన్ని ఇంటికేగా,” అంది అమ్మాయి.

“ఎవరింటికైనా వెళ్ళడం వెళ్ళడమే. దిగగానే ఫోన్ చెయ్యి. చేరానని ముందు చెప్పు. కబుర్లు తర్వాత చెబుదువుగాని.”

అమ్మాయి బిజినెస్ స్కూల్లో చదువుతోంది. అక్కడ పాఠాలు ఒక ఎత్తు, ప్రాజెక్టు ఒక ఎత్తు. ప్రతి విద్యార్థీ ఏదో ఒక ఫ్యాక్టరీకో, ఆఫీసుకో వెళ్ళి, అక్కడ జరిగే పని దగ్గరుండి చూసి, బాగుచెయ్యాల్సింది ఒక్కటైనా కనిపెట్టాలి. ఆ చెప్పినదాన్ని అక్కడివాళ్ళు అమలు చెయ్యాలి. అమలు కాకపోతే ప్రాజెక్టు పోయినట్టే. ప్రాజెక్టు పోయినవాళ్ళని ఉద్యోగాల ఇంటర్వ్యూలకి కూర్చోనివ్వరు. అమ్మాయికి ఒకసారి పోయింది. మందుల గోదాములో నెలంతా తిరిగి రాసిన సలహాని అక్కడి మేనేజరు చదవనైనా చదవలేదు. ఇది ఆఖరి అవకాశం.

ప్రాజెక్టులు చూసే ప్రొఫెసరు క్లాసులో ఒకే మాట చెప్పేవాడు. “ఖాళీగా ఉన్న చేతులెక్కడున్నాయో వెతకండి. లాభం అక్కడే దాక్కుని ఉంటుంది.”

పిన్ని భర్త పనిచేసే పండ్లరసం ఫ్యాక్టరీకే అమ్మాయిని పంపారు. బాబాయి పెళ్ళికి ముందునుంచీ అక్కడ ట్యాంకులు కడుగుతున్నాడు. రెండంతస్తుల ఎత్తు స్టీలు ట్యాంకులు. పైన మనిషి పట్టేంత గుండ్రటి మూత, లోపలికి ఇనుప నిచ్చెన. గుజ్జు తోడేశాక అడుగున మడ్డి మిగులుతుంది. బాబాయి చంకల కింద తాడు కట్టుకుని లోపలికి దిగి ఆ మడ్డి గీకి ఎత్తేవాడు. తాడు రెండో కొస పైన స్టూలు మీద కూర్చున్న ఆయన స్నేహితుడి చేతిలో ఉండేది. నడుం పోయాక ఆ స్నేహితుడికి బరువు పనులు మానిపించి అక్కడ కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని తాడు మామ అనేవారు.

లోపలినుంచి బాబాయి పాడేవాడు. పాట అనడం మర్యాదకే. ట్యాంకులో అది బకెట్టులో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది.

“ఒరే, శ్రుతి అడుగున పడిపోయింది. పారతో ఎత్తుకు రారా,” అనేవాడు తాడు మామ.

“నీలాగా స్టూలు మీద కూర్చోబెడితే నేనూ విద్వాంసుణ్ణేరా.”

పాట నీరసపడితే తాడు మామ తాడు కదిపేవాడు. “చాల్లే, పైకి రా. కాస్త గాలి పీల్చుకుందువుగాని.” బాబాయి పైకొచ్చి కాసేపు కూర్చుని, ఇంకో రెండు తిట్లు తిని, తిట్టి, మళ్ళీ దిగేవాడు. అమ్మాయి స్టాప్‌వాచ్‌లో అదంతా ఖాళీ సమయంగానే పడింది.

కార్మికులు ఆమెకి గడియారం అని పేరు పెట్టారు. ఆమె కనబడగానే ఎవరో ఒకరు, “గడియారం వస్తోంది, చేతులాడించండర్రా,” అనేవారు. అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. కానీ నెల దాటినా ఆమెకి ఏమీ దొరకలేదు. సీసాలు నింపే చోటా, మూతలు బిగించే చోటా, లారీలకి ఎక్కించే చోటా అంతకుముందే వచ్చిన విద్యార్థులు చెప్పవలసినవన్నీ చెప్పేసి వెళ్ళారు. హాస్టల్లో ఆమె గదిలో ఉండే పిల్ల ఒక హోటల్లో దుప్పట్లు మడిచే బల్ల ఎత్తు పెంచమని చెప్పి గట్టెక్కేసింది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర అమ్మాయికి ముద్ద దిగలేదు.

“ఏమ్మా గడియారం, ఆగిపోయావేం?” అన్నాడు బాబాయి.

“ఏమీ దొరకడం లేదు బాబాయ్. ఈసారి కూడా పోతే ఇక చదివినదంతా దండగే.”

“ఖాళీ చేతులేగా మీ సారుకి కావలసింది? మావాడున్నాడుగా. వాణ్ణి రాసుకో. పొద్దున్నుంచీ స్టూలు అరగదియ్యడం తప్ప వాడు చేసేదేముంది?”

అమ్మాయి తలెత్తింది. “నిజంగానా బాబాయ్? ఆయన పని అంతేనా?”

బాబాయి ఊరికే అన్నాడు. పగలంతా తాడు మామతో ఆడే మాటల్లో అదొకటి, అంతే. కానీ అన్ని రోజుల తర్వాత ఆ పిల్ల ముఖంలో వెలుగు వచ్చింది. దాన్ని ఆర్పడానికి ఆయనకి మనసొప్పలేదు.

“అంతే మరి. నేను చేరినప్పటినుంచీ ఆ తాడుతో మనిషిని లాగాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు.”

“ఆయన లేకపోతే తాడెవరు పట్టుకుంటారు?” అంది పిన్ని.

“ట్యాంకు మూత పక్కన ఇనప కమ్మీ ఉందిగా, దానికి కడితే సరి. కమ్మీకి నడుంనొప్పి కూడా రాదు.”

“మీ వేళాకోళం నాకు నచ్చదు,” అని పిన్ని ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి ఆ రాత్రి కడుపునిండా తింది.

మర్నాడు తాడు మామ దగ్గరికి వెళ్ళి, “మీ పనేమిటి మామా?” అని అడిగింది.

“కనబడటం లేదూ? కూర్చోవడం. వాడు అరుస్తాడు, నేనూ అరుస్తాను. ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికుంది తల్లీ?”

“మిమ్మల్ని మూతల మిషను దగ్గరికి మారిస్తే ఇబ్బందా?”

“అక్కడ ఫ్యానుంది. వీపున్న కుర్చీ కూడా ఉంది. మార్చేలా ఉంటే మార్చు, నీ పేరు చెప్పుకుంటాను.” ఆయన ట్యాంకు మూత దగ్గరికి వంగి అరిచాడు. “ఒరే, వింటున్నావా? నాకు ప్రమోషనొస్తోంది.”

“పోరా, పీడా విరగడైంది,” అని లోపలినుంచి వినబడింది.

మేనేజరు ఆ సలహాని నిలబడే చదివాడు. మూతల దగ్గర మనిషి చాలక ఆయన చాలాకాలంగా సతమతమవుతున్నాడు. “ఇన్నాళ్ళూ మా కళ్ళెదుటే ఉంది కదమ్మా,” అన్నాడు. వచ్చే సోమవారం నుంచే అమలు చేస్తామని కాగితం మీద రాసిచ్చాడు.

అమ్మాయి ఆ కాగితంతో స్కూలుకి వెళ్ళి, క్లాసు ముందు నిలబడి, తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పింది. స్టూలు మీద మనిషి. ఆ మనిషి పక్కన ఖాళీ సమయం చూపే ఎర్రటి గీత. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీ కుర్రాడొకడు మాత్రం చెయ్యెత్తాడు.

“అసలు ఆయన్ని అక్కడ ఎందుకు కూర్చోబెట్టారు?”

అమ్మాయి తెర మీది బొమ్మ వైపు చూసింది. “అలవాటు,” అంది.

“అలవాటే మన శత్రువు,” అన్నాడు ప్రొఫెసరు, మెచ్చుకోలుగా తలాడిస్తూ. కొత్త పద్ధతి నడుస్తుండగా ఫోటోలు తీసుకొచ్చి జతచేస్తే ప్రాజెక్టు పూర్తయినట్టేనన్నాడు. అమ్మాయి ఆదివారానికల్లా పిన్ని ఇంటికి తిరిగొచ్చింది.

అప్పటికే వానలు పడుతున్నాయి. రోడ్లు తెగి లారీలు రాక, ఒక ట్యాంకులో గుజ్జు తోడకుండా ఉండిపోయింది. ఆలస్యంగా తోడేసరికి అడుగు మడ్డి పులిసిపోయింది. సోమవారం పొద్దున బాబాయికి ఆ ట్యాంకు అప్పజెప్పారు.

ఆయన గొడుగు వేసుకుని బయల్దేరాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా పిన్ని గడపలో నిలబడి చూడటం రోజూ ఉన్నదే. మలుపు దగ్గర ఆయన వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు.

మూతల మిషను దగ్గర చెవులు చిల్లులు పడే మోత. అమ్మాయి తాడు మామని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు తీసింది. “మీసం సరిగ్గా పడిందా?” అని ఆయన గట్టిగా అరిచి అడిగాడు. టీ వేళకి మిషను ఆపారు. మోత ఆగింది. తాడు మామ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మధ్యలో చెవి ట్యాంకుల వైపు తిప్పాడు.

“మీ బాబాయి పాడటం లేదేం?”

నడుం పోయిన మనిషి అంత జోరుగా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. అమ్మాయి వెళ్ళేసరికి ఆయన పైన మోకాళ్ళ మీద ఉన్నాడు. కమ్మీకి కట్టిన ముడి విప్పకుండానే తాడు పట్టి లాగుతున్నాడు. “ఒరే, పలకరా. తిట్టరా ఒకసారి,” అంటున్నాడు. నలుగురు చెయ్యి వేస్తేగాని బాబాయి పైకి రాలేదు. వచ్చాక చేయవలసిందేమీ మిగల్లేదు.

పులిసిన మడ్డినుంచి పుట్టిన గాలి అడుగున పేరుకుంటుందని, అందులో మనిషికి ముందు మత్తు కమ్ముతుందని తర్వాత వచ్చిన ఇంజినీరు చెప్పాడు. పైనున్నవాళ్ళు ఆ మత్తు గుర్తుపట్టి వెంటనే పైకి తెస్తే బతుకుతారని కూడా చెప్పాడు. పాట నీరసపడినప్పుడల్లా తాడు కదిపిన తాడు మామ ఆ మాట విని, వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన జేబులో ఇంకా మూతలు కొన్ని ఉన్నాయి.

ప్రొఫెసరు ఫోన్ చేశాడు. “చాలా బాధాకరం. కానీ నీ తప్పేం లేదు. సలహా ఇవ్వడం వరకే మన పని, అమలు వాళ్ళది. ప్రాజెక్టులోంచి ఆ ఫోటోలు మాత్రం తీసెయ్. ఇంటర్వ్యూలకి నీ పేరు పంపించేశాను.”

శనివారం అమ్మాయి బ్యాగుని పిన్నే సర్దింది. తీగ మీది చొక్కాలు తెచ్చి మడతపెట్టింది. బూట్లు పేపర్లో చుట్టింది. అక్క పంపిన తువ్వాలు అల్మరాలోంచి తీసి, స్టాప్‌వాచ్‌ని అందులో చుట్టి పైన పెట్టి, జిప్పు వేసింది.

“పిన్నీ, నేను…”

“బస్సు పోతుంది,” అంది పిన్ని.

ఆమె గడపలోకి రాలేదు. అమ్మాయి ఒక్కతే మలుపు దాకా నడిచింది.

బాబాయి వానల మొదటి సోమవారం పొద్దున పనికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. అమ్మాయి అదే వారం శనివారం ఆ ఇంటినుంచి వెళ్ళింది. ఆమె కూడా మళ్ళీ రాలేదు.