మొక్కుకోడి రెక్క

మా ఆయన చెన్నకేశవకు బుద్ధి ఉంటే పొట్టేలు పగ్గాన్ని చేతికి చుట్టుకుంటాడా? అది బెదిరి పరుగెత్తి ఆయన్నీ ఈడ్చుకుపోయింది. ఆ రోజు నుంచి కుడిచెయ్యి వేలాడుతోంది. ఆస్పత్రికి పోదామంటే వినడు. పసరుకట్టు కట్టించుకుని, గంగమ్మకు కోడిపుంజును మొక్కుకున్నాడు. మొక్కు తీరాకే ఆస్పత్రి మాట ఎత్తమన్నాడు.

మా తమ్ముడు జయచంద్ర పులివెందుల సంతలో పుంజును కొని, రెక్కలు రెండూ ఒకదానిలో ఒకటి మెలేసి, బండికి వేలాడదీసుకొచ్చాడు. మావైపు అందరూ అట్లే తెస్తారు. దించి చూస్తే ఎడమరెక్క జారిపోయింది. అవిటి కోడిని గంగమ్మ ఒల్లదు. ఇంకొకటి తెద్దామంటే, "ఆమె పేరు చెప్పి కొన్న కోడిని మార్చగూడదు" అని మొండికేశాడు మా ఆయన. ఇక ఆ రెక్క ఎప్పుడు లేస్తుందా అని నేను కాలుగాలిన పిల్లిలా గంప చుట్టూ తిరిగాను.

పుంజుకు నూనె రాస్తుంటే ఒకరోజు దాని వీపు మీద, ఆ రెక్క మొదట్లో కండ ఉబ్బినట్టు చేతికి తగిలింది. రెండోవైపు కంటే నిండుగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నాకూ నొప్పి పోయిందిలే. గంగమ్మ కరుణించింది" అన్నాడాయన.

అయినా మనసు నిలవలేదు. ఇద్దరం పుంజును తీసుకుని ప్రొద్దుటూరు పశువుల ఆస్పత్రికి పోయాం. ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు.

లోపల డాక్టరమ్మ సింధూ ఆ కండను ఒత్తి చూసింది. "ఇది బలం కాదమ్మా. నరం పోయింది. కోళ్లకు ఈ వీపుకండ రెక్క బరువుకు సాగి ముందు ఉబ్బుతాది, తర్వాత ఎండిపోతాది. రెక్కలో కండ చూడు, అప్పుడే కరిగింది."

రెక్క చివర గట్టిగా గిల్లింది. పుంజు కదల్లేదు. మంచిరెక్కను గిల్లితే ఆస్పత్రి అదిరేలా అరిచింది.

"నొప్పి లేకపోతే మంచిదే గదమ్మా?"

"నొప్పే తెలీకుంటే మంచిదెట్లయితాది?"

బయటికొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఏమనె డాక్టరమ్మ? బాగైతాందనిందా?" రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

ఒళ్లో పడి ఉన్న ఆయన కుడిచేతి చిటికెనవేలిని గోరు దిగేలా గిల్లాను.

"మంగళవారం మొక్కు తీర్చుకుందాం. జయచంద్రకు చెప్పినా, పొయ్యి ఆడనే పెట్టమని..." చెప్పుకుపోతూనే ఉన్నాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. "లెయ్యి. కడప పెద్దాస్పత్రికి పోదాం. ఇప్పుడే."

"మొక్కు తీరకుండానా?"

ఆయన చెయ్యెత్తి ఆయనకే చూపించాను. వేలి మీద రక్తం ఊరి ఉంది.

"ఇదెప్పుడు గిల్లినావే?" అన్నాడు.