పై మోడలు, కింది మోడలు

నాంపల్లి పేరు చివర పల్లె ఉందని కొత్తవాళ్లు అనుకుంటారు. పల్లె కాదు, పల్లీ. ఒకే తొక్కలో రెండు గింజలు ఇరుక్కున్నట్టుంటాయి అక్కడి కాపురాలు. స్టేషను వెనక సందులో అలాంటి ఒక ఇంట్లో పై గింజ అమరేశ్వరరావు దంపతులు, కింది గింజ బీరయ్య దంపతులు.

అమరేశ్వరరావు తండ్రి యాభై ఆరులో రేపల్లె నుంచి ప్రభుత్వ ఫైళ్ల వెంట వచ్చాడు. కొడుకు లక్డీకాపూల్ ఆఫీసులో అవే ఫైళ్లు మోసి రిటైరయ్యాడు. బీరయ్య నారాయణఖేడ్ దగ్గరి ఊరి నుంచి వచ్చి, ఆర్టీసీ బస్సు తోలి రిటైరయ్యాడు. "ఇద్దరం రిటైరేగానీ, టైరు అరిగింది నీదేనయ్యా" అని రావుగారంటే, "సీటు అరిగింది మీది, రావు సాబ్" అని బీరయ్య అనేవాడు.

అమరేశ్వరరావు భార్య నాగరత్నం. "ఆ పేరులోంచి 'గ' తీసేస్తే నా రత్నమే, ఆ 'గ' గలగలది" అని ఆయన ఊరంతా చెప్పి నవ్వించేవాడు. నిజమే, ఆవిడ గలగలా మాట్లాడుతుంది. మామూలప్పుడు కాదు, సినిమా చూసేటప్పుడు.

"ఈ పిల్ల జడ ఇందాక ఎడమ భుజం మీద ఉందండీ, ఇప్పుడు కుడివైపుకు ఎలా వచ్చింది?"

"చూడనియ్యవే."

"వీడే చంపాడు, రాసిపెట్టుకోండి. పాలగ్లాసు అలా రెండు వేళ్లతో పట్టుకునేవాడు మంచివాడు కాడు."

"అయిపోయింది. చెప్పేసింది. ఇంక నేను చూడ్డం దేనికి?"

"ఆ అమ్మాయి పొద్దుణ్ణుంచి ఏడుస్తోంది, ఇంత అన్నం పెట్టేవాళ్లు లేరా ఆ ఇంట్లో? ఎంత డబ్బున్నవాళ్లైతే మాత్రం..."

ఆవిడకు తెర మీద మనుషులందరూ చుట్టాలే. పలకరించకుండా ఎవర్నీ పోనివ్వదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అమరేశ్వరరావుకు తీరని కోరిక ఒక్కటే: ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి, మొదటినుంచి చివరిదాకా నిశ్శబ్దంగా చూడాలి.

వానాకాలంలో ఒకనాడు కరెంటు పోయి గట్టిగా తిరిగొచ్చింది. రెండిళ్లలోనూ టీవీకి తగిలించిన కేబుల్ పెట్టెలు టప్పుమన్నాయి. ఆ ఆదివారం నలుగురూ కలిసి అబిడ్స్ బయల్దేరారు. "ఆవిడ లేకుండా అబిడ్స్ ఏముందయ్యా, బిడ్స్ తప్ప" అని ఆటోలోనే మొదలుపెట్టారు రావుగారు. ఎవరికీ అర్థం కాలేదు. నాగరత్నం మాత్రం నవ్వింది. ఆయన మాటకు ఎవరూ నవ్వకపోతే ఆవిడ నవ్వడం వాళ్లింటి ఆనవాయితీ.

భూపాల్ దుకాణం ఆరోజు సంతలా ఉంది. కొత్తగా వచ్చిన జాదూ బాక్సు కోసమే జనమంతా. ఇంటర్నెట్టు నుంచి సినిమాలు టీవీలోకి దింపే పెట్టె. అందులో రెండు మోడళ్లు: మినీ, మహా.

ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మినీని అరచేతిలో పెట్టుకుని తూచినట్టు ఆడిస్తున్నాడు. "ఏంది భూపాల్ భయ్, మా దుకాణంల ఇంగువ డబ్బ దీనికన్న బరువుంటది. గిండ్లకెల్లి ఏనుగులు, గుర్రాలు అన్నీ వస్తయా?"

"వస్తయి సేఠ్. ఏనుగు డబ్బల ఉండది, ఇంటర్నెట్ల ఉంటది."

ఖైరతాబాద్ నుంచి వచ్చిన హైందవి అనే టీచరమ్మ ముందు వారం మహా కొనుక్కుపోయి, ఇవాళ ఫిర్యాదుతో వచ్చింది. "ఆన్ చెయ్యగానే తెరనిండా ప్రకటనలండీ. వాళ్లు అమ్మాలనుకున్నది మధ్యన, నేను చూడాలనుకున్నది మూలన. డబ్బు పెట్టి కొన్నది నేనా, వాళ్లా?"

"మేడం, గది కంపెనీ దయ. నా చేతుల లేదు."

"రిమోటు మీద ఈ నాలుగు గుండీలేంటి మరి?" ఇంకొకాయన అందుకున్నాడు. "నాలుగూ నేను చందా కట్టని కంపెనీలవి. చీకట్లో చెయ్యి తగిలితే చాలు, కట్టు కట్టు అంటాయి."

అమరేశ్వరరావుకు ఇంతమంది శ్రోతలు దొరికి చాలాకాలమైంది. మెల్లగా గుంపు మధ్యకు చేరాడు. "అసలు ఈ రెంటికీ తేడా ఏమిటయ్యా? మహా అయితే ఏం చేస్తుంది, మినీ అయితే ఏం చెయ్యదు?"

భూపాల్ వేళ్లు మడిచాడు. "మినీల బొమ్మ మంచిగనే వస్తది సాబ్. మహాల ఫోర్ కే వస్తది."

"నాలుగు కేకలే కదా? మా ఇంట్లో ఎప్పట్నుంచో వస్తున్నాయి."

జనం నవ్వారు. ఉస్మాన్‌గంజ్ సేఠ్ కడుపు పట్టుకున్నాడు. నవ్వు ఒకసారి తగిలిన మనిషి రెండోసారి ఆగలేడు. అమరేశ్వరరావు గొంతు పెంచాడు. "అవన్నీ కాదు భూపాల్, మా ఆవిడ నోరు ఆపే గుండీ ఏ మోడల్లో ఉందో చెప్పు. ఎంతైనా సరే, అదే ఇచ్చెయ్. ముప్ఫయ్యేళ్లుగా ఒక్క సినిమా చూడలేదయ్యా నేను, విన్నానంతే. అదీ ఈవిడ గొంతులో."

దుకాణం ఘొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డ నాగరత్నం వైపు అందరూ ఒకసారి చూసి, మళ్లీ నవ్వారు. ఆవిడా నవ్వింది, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఉన్నది సాబ్! మహా తీస్కోన్రి," అన్నాడు భూపాల్ నవ్వుతూనే. "దీనికి చెవులల్ల పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కలుస్తయి. టీవీ గప్‌చుప్, మీ చెవులల్ల సినిమా. ఇంట్ల పెండ్లయినా మీకు వినపడది."

"ఇన్ని ఇయర్ల కాపురం చేశాక ఇయర్‌ఫోన్లా దేవుడా, ఇప్పుడా ఇస్తావు?"

మళ్లీ నవ్వులు. నాగరత్నం అప్పుడు భూపాల్‌ను ఒక్కమాట అడిగింది. "ఇద్దరు ఒకేసారి పెట్టుకోవచ్చా, నాయనా?"

"ఔ అమ్మా. రెండు జతలు కలుస్తయి. గది మినీల లేదు."

"అయితే రెండు జతలూ ఇవ్వు."

బీరయ్య మినీ తీసుకున్నాడు. "మాకు చెవులల్ల పెట్టుడు వద్దు భయ్. మా వీరమ్మ లొల్లి లేకుంటె నాకు బువ్వ దిగది."

"ఇంకేం పెడ్తడు?" అంది వీరమ్మ. "హారన్ కొట్టి కొట్టి ఆ చెవులు మెహదీపట్నం డిపోలనే వదిలిపెట్టి వచ్చిండు."

వెళ్లేటప్పుడు పాడిన ఆటో వచ్చేటప్పుడు కాస్త మూగబోయింది. అమరేశ్వరరావు గమనించలేదు. మహా అట్టపెట్టె ఆయన ఒళ్లో ఉంది. దాని మీద రాసిన గొప్పలన్నీ బీరయ్యకు చదివి వినిపిస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆయన జీవితంలో మొదటిసారి సినిమా చూశాడు. పాట మధ్యలో పప్పులో ఉప్పు సంగతి రాలేదు. హంతకుడెవరో హంతకుడు దొరికినప్పుడే తెలిసింది. ముగిశాక లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకు చూస్తే నాగరత్నం కూడా ఇయర్‌ఫోన్లు తీస్తోంది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

అంతే అంది. ఆయనకు అదీ హాయిగానే ఉంది. అలా రోజూ సాయంత్రం నడక, వచ్చాక ఒక సినిమా. కూతురు సాయిసుధ ఫోన్ చేస్తే, "మీ అమ్మ ఇప్పుడు మహా మౌని" అని చెప్పి తనే నవ్వుకున్నాడు. అటువైపు నవ్వు వినిపించలేదు. "అమ్మకు ఒంట్లో బాగానే ఉందా నాన్నా?" అని అడిగింది కూతురు.

ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. మర్నాటి సినిమాలో ఒకడు పాలగ్లాసు పట్టుకుని మేడ దిగాడు. రెండు వేళ్లతో. అమరేశ్వరరావు గబుక్కున పక్కకు తిరిగాడు. నాగరత్నం తెరవంక చూస్తోంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. పెదవులు కలిసే ఉన్నాయి.

ఆయన ఆవిడ మోచేతిని తట్టాడు. ఆవిడ ఒక చెవిది తీసింది. "ఏమిటండీ? కాఫీ పెట్టనా?"

"కాదు. వాడు... గ్లాసు చూశావా?"

"చూశాను."

"ఏమంటావు?"

"ఏమనడానికేముంది, చూడండి తెలుస్తుంది," అని తీసినదాన్ని మళ్లీ చెవిలో పెట్టుకుంది.

ఆ గ్లాసువాడు చివరికి మంచివాడేనని తేలింది. ఆవిడ లెక్క తప్పిందని వెక్కిరించడానికి అంతకంటే మంచి అవకాశం ఈ జన్మలో రాదు. కానీ లెక్క చెప్పనేలేదే ఆవిడ, దేన్ని వెక్కిరిస్తాడు?

తరవాతి రోజు ఆయన తన ఇయర్‌ఫోన్లు సొరుగులో పడేసి, టీవీ గొంతు పెంచాడు. "ఇవాళ ఇద్దరం మామూలుగా చూద్దాం, రా."

"వద్దులెండి. నాకు తెలీకుండా నోట్లోంచి ఏదో ఒకటి వచ్చేస్తుంది. మీకు డిస్టర్బెన్స్."

"వస్తే రానీ! నేనేదో సరదాకి అన్నాను ఆ రోజు. నువ్వూ నవ్వావుగా?"

"అందరూ నవ్వారు కదండీ," అంది నాగరత్నం. మాటలో కోపం లేదు. చీపురు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. తన జత చెవుల్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన కోసం టీవీ ఒక్కటే గట్టిగా మాట్లాడింది ఆ సాయంత్రం.

జోకు వేసినవాడికి ఒక చిక్కుంది. తప్పు చేస్తే క్షమించమని అడగొచ్చు. జోకు బాగా పేలితే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పేవాళ్లు దొరక్క, అమరేశ్వరరావు భూపాల్ దగ్గరికి వెళ్లాడు. అట్టపెట్టెతో సహా, ఒంటరిగా.

"ఇది తీసుకుని మినీ ఇవ్వు."

భూపాల్ పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "ఏం ఖరాబైంది సాబ్?"

"ఏం కాలేదు. బ్రహ్మాండంగా పని చేస్తోంది. అదే తకరారు."

"మినీ కొన్నోళ్లు మహా ఇయ్యమని రోజొస్తరు. మహా కెల్లి మినీకి దిగినోన్ని నేను ఇప్పటిదాంక సూడలే."

"ఇప్పుడు చూడు. పైడబ్బులేమీ వాపసు అక్కర్లేదు."

"డబ్బ ఇప్పినంక కంపెనీ తీస్కోదు సాబ్. గా ఇయర్‌ఫోన్లు వద్దంటె తీసి పక్కకు పెట్టున్రి, గంతేగద?"

"నావి తీసి పెట్టాను. ఆవిడ తియ్యట్లేదు."

భూపాల్ ఒకసారి ఆయన మొహంలోకి చూశాడు. ఆరోజు నవ్విన నవ్వు అతనికీ గుర్తొచ్చినట్టుంది. "జర అమ్మను తోల్కరాన్రి సాబ్," అన్నాడు నెమ్మదిగా. "వేరే ఏమన్న సూపిస్త." ఏం చూపిస్తాడో అతనికీ తెలీదు.

అమరేశ్వరరావు అబిడ్స్ నుంచి నడిచే వచ్చాడు. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు, బెల్టులు, బనీన్లు అన్నిటినీ వాటి యజమానులు కేకలు పెట్టి అమ్ముతున్నారు. అరవడానికి ఎవరికీ మొహమాటం లేదు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. మెట్ల మీద కాలు పెట్టగానే ఆగిపోయాడు.

"ఇదేమిటమ్మా వీరమ్మా, ఈ పెద్దావిడకు చీర మార్చే తీరిక లేదా? పెళ్లికి అదే, చావుకి అదే!"

"ఔ అక్కా, నేను గదే అంటున్న! గీయనేమో సూడు సూడు అంటడు, గామె చీర సూడకుంట ఏం సూడాలె?"

"అన్నయ్యగారూ, ఆ గుమాస్తాను కనిపెట్టి ఉండండి. నవ్వు కళ్ల దాకా రావట్లేదు వాడికి."

"గిట్ల మీరు ముందే చెప్తె మజా ఏముంటది చెల్లె?" అంటూ బీరయ్య పెద్దగా నవ్వుతున్నాడు.

నాగరత్నం గొంతే. గలగల మొత్తం కింద ఉంది. రోజూ తను సాయంత్రం నడకకు పోయినప్పుడల్లా ఆవిడ ఇక్కడికే దిగి వస్తోందన్నమాట. మినీకి ఇయర్‌ఫోన్లు కలవవు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, టీవీతో కలిపి నలుగురు.

అమరేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. ఆత్రంగా తలుపు తోసి లోపలికి వెళ్లాడు.

"శ్!" అన్నాడు బీరయ్య వెంటనే. "రావు సాబ్ వచ్చిండు. లొల్లి బంద్ చెయ్యిన్రి. ఆయనకు సినిమాల మాట్లాడితె పడది." మర్యాదకే అన్నాడు. లేచి తన కుర్చీ ఇచ్చాడు. వీరమ్మ కొంగు సర్దుకుని చాప చివరికి జరిగింది. నాగరత్నం సగంలో ఉన్న మాటను అక్కడే దించేసింది.

"ఇప్పుడే వచ్చారా? కాఫీ పెట్టనా, పైకి రానా?"

"కూర్చో, కూర్చో. చూడండి మీరు. మాట్లాడుకోండి, నాకేం..."

నలుగురూ చేతులు కట్టుకుని తెరవంక చూశారు. గుమాస్తా నవ్వాడు, పోయాడు. వాడి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఒక హాస్య సన్నివేశం వచ్చింది. బీరయ్యకు నవ్వొచ్చి, దగ్గులోకి మార్చుకున్నాడు. అమరేశ్వరరావు అక్కడొక జోకు వేద్దామనుకున్నాడు. నాలుక దాకా వచ్చిందిగానీ, ఈసారి ఆవిడ నవ్వకపోతే? నవ్వితే? ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక మింగేశాడు.

"ఫోన్ చేసుకోవాలి, మరిచేపోయాను" అని లేచాడు. నాగరత్నం కూడా లేవబోయింది. "నువ్వు చూసి రా" అన్నాడు, చెయ్యి ఊపి.

ఆయన సగం మెట్లు ఎక్కేలోపు కింద గుసగుస మొదలైంది. చివరి మెట్టు ఎక్కేసరికి అది గలగల అయింది.

ఓటీటీ వచ్చి ఇల్లు ఒట్టిదైంది అని ఎవరికైనా చెప్పొచ్చు. వినేవాళ్లు లేరు. అట్టపెట్టెలోంచి మహాను తీసి మళ్లీ టీవీకి తగిలించాడు. కింద నడుస్తున్న సినిమాయే వెతికి పెట్టాడు. వాళ్లు చూస్తున్న చోటికి జరుపుదామని చూశాడుగానీ సరిగ్గా కుదరలేదు. ఆయన బొమ్మ కొంచెం వెనకబడే ఉంది. కిటికీ తెరిచాడు. తరవాత రిమోటు తీసుకుని టీవీ గొంతు పూర్తిగా నొక్కేశాడు.

బొమ్మ పైన, మాట కింద.

"ఆ గొడుగువాడమ్మా, వాడే! వాన చుక్క లేదు, గొడుగెందుకు వాడికి?" అంది కింద నుంచి నాగరత్నం.

ఆయన తెర మీదికి గొడుగువాడు ఇంకా రానేలేదు. ముందే చెప్పేసింది. ఎప్పుడూ ఇంతే ఈవిడ. అమరేశ్వరరావు రిమోటు బల్ల మీద పెట్టేసి, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు.