దులిపినా పోని వెంట్రుక

చేతిలో కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడాల్సిందే కాబట్టి, వీధి వీధంతా సెలూన్ నడిపే ఆయనకు కబుర్ల బాబాయి అని పేరు పెట్టింది. అంతటి మనిషి ఆ ఉదయం నోట మాట లేకుండా ఒక వెంట్రుకతో కుస్తీ పడుతున్నాడు. కుర్చీలో ఉన్నది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన మెడకు కట్టిన తెల్లగుడ్డ మీద నల్లటి వెంట్రుక. బ్రష్షుతో దులిపితే పోలేదు. ఊదితే పోలేదు. తాపీగా పక్కకు జరిగి మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఏమయ్యా, గుడ్డ దులుపుతున్నావా, నన్ను దులుపుతున్నావా?"

"ఒక్క వెంట్రుకండీ. మొండిది."

"నాకున్నవే నాలుగు. దాన్ని కూడా పంపించేయకు."

బాబాయి నవ్వబోతూ అద్దంలోకి చూశాడు. వెంట్రుక అద్దంలోనూ ఉంది. గోడ మీదా ఉంది. ఒక్కో కన్నూ మూసి చూసుకుంటే తెలిసింది, అది గుడ్డ మీద కాదు, తన ఎడమ కంట్లో ఉందని.

షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు. ఏటా కళ్ళు చూపించుకోమని డాక్టరు చెబితే, భార్య నెత్తీ నోరూ బాదుకుంటే, ఈ మహానుభావుడు చెవిన పెట్టలేదు. కంట్లో చుక్కలు వేస్తే పూటంతా మసకట, కొట్టు మూసుకోవాలట. అయినా చూపుకేం తక్కువ? చీమకు గుండు గీయమన్నా గీస్తానని కోతలు కోసేవాడు. కోతలు ఆయన వృత్తే కదా.

అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. మాస్టారికి నురగ పట్టించి, ఒక బుగ్గ పూర్తిచేసి, గొంతు దగ్గరికి కత్తి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ఎడమ కంట్లో సిరా ఒలికినట్టు ఎర్రగా, నల్లగా ఏదో కమ్ముకొచ్చింది. మాస్టారి ముఖం సగం మాయమైంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వెంట్రుకవాసిలో తప్పింది. కత్తి బల్ల మీద పెట్టి, కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. సగం గడ్డం నురగతోనే ఆ పెద్దాయన అతన్ని ఇంటికి నడిపించుకెళ్ళాడు.

భార్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గోడ మీది అక్షరాలు చదివించారు, చుక్కలు వేశారు, కూర్చోబెట్టారు. డాక్టరమ్మ రెండు కళ్ళలోకీ చాలాసేపు చూసింది.

"షుగరు వల్ల లోపల పిచ్చి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. ఎడమ కంట్లో అవి చిట్లి రక్తం నిండింది. దానంతటది తేటపడుతుందేమో చూద్దాం, లేదంటే ఆపరేషన్. నా భయం కుడి కన్ను గురించి."

"కుడిది బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆఖరి వరుసదాకా గడగడా చదివాను కదా."

"చదివారు. కానీ లోపల అవే నాళాలు, ఇంకా చిట్లలేదంతే. ఇవాళే లేజర్ కాంతితో లోపల చిన్నచిన్న వాతలు పెట్టడం మొదలుపెడదాం. కొన్ని విడతలు పడుతుంది."

"చేస్తే చూపు బాగుపడుతుందా?"

"బాగుపడటానికి కాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి. చీకట్లో చూపు కాస్త తగ్గినా తగ్గొచ్చు. షుగరూ బీపీ కూడా అదుపులోకి రావాలి."

బాబాయి లేచి నిలబడ్డాడు. మిగిలిన ఒక్క కంటినీ చేతులారా కాల్పించుకోవాలా? భయానికి ఆ క్షణంలో కోపం తప్ప వేరే దారి దొరకలేదు. తలుపు తోసుకుని నడవాలోకి, నడవాలోంచి మెట్ల మీదికి వచ్చేశాడు.

"ఏమండీ, ఆగండి."

"నన్నొదిలెయ్. ఇదీ పోతే నేనేం చేసుకుని బతకను? కత్తెర పట్టడం తప్ప నాకేం వచ్చు?"

మెట్లు దిగి గేటు దాటాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ చుక్కలు వేసిన కుడి కంట్లో సూదుల్లా దిగింది. రెప్ప తెరిస్తే తెల్లటి మంట, మూస్తే ఏమీ లేదు. ఎడమ కంటి సంగతి సరేసరి. పక్కనుంచి ఏదో బండి హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది. ఎటు జరగాలో తెలియలేదు. రోడ్డెటో, గేటెటో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఆయన ఎరగడు.

"ఎక్కడున్నావే?"

జవాబు లేదు. చెయ్యి ముందుకు చాచాడు, గాలి తగిలింది.

"నిజంగానే వదిలేసి వెళ్ళిపోయావా?" చిన్నపిల్లాడిలా అరిచాడు.

"ఎక్కడికి పోతానండీ?" ఆమె ఏడుపు దిగమింగుకుంటోంది. "గేటు దగ్గర్నుంచీ పక్కనే ఉన్నాను. మీ ఎడమ పక్కనే."

అతను ముఖమంతా అటు తిప్పాడు. అప్పటికీ ఆమె కనిపించలేదు. తడుముకుని భుజం దొరకబుచ్చుకున్నాడు.

"లోపలికి తీసుకెళ్ళు," అన్నాడు. "తొందరగా. నా వంతులో డాక్టరమ్మ ఇంకెవర్నైనా పిలిచేస్తుందేమో."